బావ అడిగిన జెల్ల

సీలేరు కాలనీ,
12 జులై 1998.

రవీ,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. ఈసారి ఆ మర్యాద నీకు దక్కదు.

నువ్వు బస్సులో పంపిన థర్మోకోల్ పెట్టెలో పద్నాలుగు చేపలు వచ్చాయి. ఇవాళ్టికి తొమ్మిది పోయాయి. నేను అడిగిందేమిటి? ఒకే తొట్టెలో ఒకదాన్నొకటి చంపుకోకుండా బతికేవి, పసుపువి, నీలంవి, ఆఫ్రికా చేపలు. అడుగున తిరగడానికి ఒకటో రెండో మీసాల జెల్లలు. ఇంత విడమరిచి రాస్తే నువ్వు పంపిందేమిటి? నలుపూ పసుపూ చారలున్న ఆ రాక్షసి రెండో రోజు నుంచే మిగతావాటిని తరమడం మొదలుపెట్టింది. నాలుగు చేపలు తోకలు కొరికించుకుని మూలకి చేరి అక్కడే చచ్చాయి. పసుపువాటికి పొట్టలు ఉబ్బిపోయాయి. తిండికి లోటు చేశానంటావేమో, పెరట్లో వానపాములు తవ్వించి మరీ వేశాను. ఆబగా తిన్నాయి. తిన్నవి తిన్నట్టే పోయాయి. జెల్లలు నువ్వు పంపనే లేదు.

మీ బావ పొద్దున్నే తొట్టె ముందు కుర్చీ వేసుకుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. ఒక చేపను తీసి పారేసిన పూట ఆ భోజనమూ ఉండదు. "పోనీలే రత్నా" అంటారు. ఆయన పోనీలే అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏదీ పోనిచ్చే మనిషి కాదని నీకూ తెలుసు.

నీ చేపల కొట్లో అమ్ముడుపోనివి ఏరి అక్క నెత్తిన రుద్దావా? నిజం రాయి. బూత్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశాను. "ఓనరు లేడు" అని పెట్టేశారు. ఓనరంట!

రత్న

*

విశాఖపట్నం,
20 జులై 1998.

అక్కా,

నీ ఉత్తరం కొట్లో జనం ఉండగా విప్పాను. అందరి ముందూ చెంప పగిలినట్టయింది.

వానపాములా! అవి రాళ్ళ మీద నాచు గీక్కుని బతికే చేపలు. వాటి పేగు చాంతాడంత పొడుగు. మాంసం అరగదు, పొట్ట ఉబ్బి చస్తాయి. ఉడికించిన పాలకూర, బఠాణీ చిదిమి వెయ్యమని చీటీ రాసి పెట్టె మూతకి లోపల అంటించాను. చూశావా? చూడవు. నేను రాసింది చదవాల్సిన అవసరం మీ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లేదు.

నీళ్ళ సంగతి. మీ సీలేరు నీళ్ళలో పప్పు ఇట్టే ఉడుకుతుంది, సబ్బు నురుగు ఒక పట్టాన వదలదు. ఈ చేపలు పుట్టిన సరస్సు నీళ్ళలో పప్పు ఉడకదు. వాటికి అలాంటి నీళ్ళే కావాలి. సముద్రపు చిప్పలు దంచి ఇసుకలో కలపాలి, చిటికెడు తినే సోడా వెయ్యాలి. రాళ్ళు గుట్టలుగా పేర్చి, ప్రతి చేపకీ దూరడానికి ఒక సందు ఉంచాలి. ఒక మగదానికి మూడు ఆడవి. తొట్టె కాస్త కిక్కిరిసి ఉంటేనే ఏ ఒక్కదాని మీదా పగ నిలవదు.

ఇక జెల్ల. ఏ జెల్ల పడితే అది కుదరదు. ఈ పోట్లాటరాయుళ్ళ మధ్య నెగ్గుకు రావాలంటే ఆఫ్రికా చుక్కల జెల్ల ఒకటుంది, రాళ్ళ సందులో తలకిందులుగా అతుక్కుని ఉంటుంది, తోటి పెద్ద చేపల జోలికి పోదు. అది దొరికితే పంపుతాను. ఈలోగా మీ గెడ్డలో, ఆ కొండవాగులో పట్టిన జెల్లల్ని మాత్రం వెయ్యకండి. వాటికి నోట్లో పట్టిందల్లా మేతే. పాచిపెంట కొండల్లో అవే పట్టుకుని పెరిగినవాణ్ణి, నాకు తెలుసు.

బావ డ్యూటీ మానేసి రోజంతా కుర్చీలో కూర్చుంటున్నారని రాశావు. పెద్ద ఉద్యోగస్తులకి అన్నీ చెల్లుతాయి. రెండు చేతులూ ఉన్న మనిషి వారానికి నాలుగు బకెట్ల నీళ్ళు మార్చలేరా? ప్రాజెక్టులో ఆయన వేయించిన కూలిపని నేను వదిలేసినప్పుడు క్యాంటీన్లో అందరి ముందూ ఏమన్నారో గుర్తు చెయ్యి. "ఏటి సేసినా మూడ్నెల్లేరా నువ్వు" అన్నారు. ఈ కొట్టు పెట్టి నాలుగేళ్ళయింది. ఆయన ఒక్కసారి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు తొట్టెకి చేపలు కావలసివస్తే మాత్రం నేను గుర్తొచ్చాను.

నీ తమ్ముడు,
రవిబాబు

*

సీలేరు,
29 జులై 1998.

రవిబాబూ,

నీ ఉత్తరం నేను విప్పలేదు. ఆయన విప్పారు. చేపల గురించి ఏం రాశావోనని ఆత్రంగా పళ్ళతో కవరు చింపి, నాకు వినబడేలా పైకి చదివారు. పాలకూర, చిప్పలు, రాళ్ళ గుట్టలు, అన్నిటికీ తల ఊపుతూ చదివారు. "ఈడు బాగా నేర్సుకున్నాడే" అన్నారు. ఆ మాట నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. ఆ తర్వాత "రెండు చేతులూ ఉన్న మనిషి" దగ్గరికి వచ్చారు.

ఆగిపోయారు. కాయితం మడుద్దామని చూశారు, కుదరలేదు. బల్ల మీద అలాగే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆయనకి కుడిచెయ్యి లేదురా. మోచేతి పైనుంచి లేదు.

పోయిన ఏడు ఆగస్టులో పిడుగు పడింది. ఎవరి తప్పూ కాదు, ఆకాశంది. ప్రాణం దక్కింది, చెయ్యి కుళ్ళిపోయింది. తీసేశారు. అది మీ విశాఖలోనే. పెద్దాసుపత్రిలో నలభై రోజులున్నాం, నీ కొట్టుకి రెండు బస్టాపుల దూరంలో. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నారు. "నీ తమ్ముడొచ్చి నన్నిలా సూసేడంటే కట్లిప్పేసుకుని ఎల్లిపోతాను" అన్నారు. నీ ముందు తల దించుకోవడం ఆయనకి చావుకంటే ఎక్కువ. ఒకరోజు మందులకని బయటికొచ్చి నీ కొట్టుకి ఎదురుగా నిలబడ్డాను. నువ్వు ఒక తొట్టె అద్దం తుడుస్తున్నావు. సన్నబడ్డావు. పిలవకుండా వెనక్కి వెళ్ళిపోయాను.

ఆ ఆసుపత్రి వరండాలో ఒక ఎక్వేరియం ఉండేది. పసుపు చేపలు, నీలం చేపలు, రాళ్ళ గుట్ట, అడుగున తలకిందులుగా వేలాడే ఒక జెల్ల. డాక్టరు మొహం చూడని మనిషి, నా మొహం చూడని మనిషి, పొద్దస్తమానం దాన్ని చూసేవారు. ఇంటికొచ్చాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నీ దగ్గర కొంటున్నానని చెబితే మూడు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత "సరే" అన్నారు.

నీ చీటీ తడిసి ముద్దయిపోయి వచ్చింది. చదవలేదన్నావుగా, అందుకు.

ఇంక నువ్వేమీ పంపకు. ఉత్తరం అసలే రాయకు.

రత్న

*

విశాఖపట్నం,
4 ఆగస్టు 1998.

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చింపుకుంటావో చదువుకుంటావో నీ ఇష్టం.

నలభై రోజులు. రోజుకి ఎన్ని బస్సులు ఆ ఆసుపత్రి ముందునుంచి నా కొట్టు ముందుకి వస్తాయో తెలుసా నీకు? నన్ను చూసి వెళ్ళిపోయావా? చేపల అద్దం తుడుచుకుంటున్న తమ్ముణ్ణి రోడ్డు అవతలనుంచి చూసి, సన్నబడ్డాడని అనుకుని, వెళ్ళిపోయావా? అమ్మ పోయాక నా జుట్టు దువ్వినదానివి నువ్వు. ఆయన ఒట్టు వేయించుకుంటే నేను పరాయివాణ్ణి అయిపోయానా? నువ్వు మూసిపెట్టావు. మూసిపెట్టి, నా నోటితోనే ఆయన్ని కొట్టించావు. ఆ మాట రాసింది నేనే, కాదనను. కానీ ఆ రాయి నా చేతికి అందించింది నువ్వు.

ఇంకోటి కూడా చెబుతాను, నాకూ మూసిపెట్టడం చేతకాక కాదు. నువ్వన్నది నిజం. ఆ చారల చేప నా తొట్టెలో మూడిటిని చంపింది. ఎవరూ కొనలేదు. బావ ఇంటికే కదా, పోనీ అని పెట్టెలో వేశాను. వేస్తూ నవ్వుకున్నాను కూడా.

ఇరవై మూడో తేదీ ఆదివారం నేనే వస్తున్నాను. తొట్టె ఖాళీ చేసి కడిగి ఉంచు. ఆ చారలదాన్ని వేరే బకెట్లో వెయ్యి, వెనక్కి తెచ్చుకుంటాను. చిప్పలు, ఇసుక నేనే తెస్తాను. గెడ్డ రాళ్ళు గుండ్రంగా ఉన్నవి కాదు, పలకలుగా ఉన్నవి ఏరించు. బావ తలుపు వేసుకుంటే వేసుకోనీ. కిటికీలోంచైనా చేపలు లోపలికి వేసే వస్తాను.

రవి

*

సీలేరు,
2 సెప్టెంబరు 1998.

రవీ,

చేపలన్నీ బాగున్నాయి. జెల్లలు కాక, పాతవీ నువ్వు తెచ్చినవీ కలిపి పదకొండూ తిరుగుతున్నాయి. ముందుగా అది రాసేశాను కాబట్టి ఇప్పుడు తిడతాను.

నువ్వు ఏడవడానికి వచ్చావా, తొట్టె సర్దడానికి వచ్చావా? గుమ్మంలో పలకరింపు తప్ప పొద్దున్నుంచి ఇద్దరూ ఒక్క మాట లేకుండా రాళ్ళు పేర్చారు. ఆయన ఎడమచేత్తో పెట్టడం, నువ్వు సందులు సరిచెయ్యడం. వంటింట్లోంచి చూస్తూ నాలో నేను అన్ని కొండదేవతలకీ మొక్కుకున్నాను. అంతలో ఆయన చొక్కా ఖాళీ చెయ్యి నీళ్ళలో పడి తడిసింది. నువ్వు దాన్ని పిండబోయి భోరుమన్నావు. చిన్నపిల్లాడిలా! ఆయన చేతిలో పలకరాయి జారింది. అద్దం పగలకపోవడం మన అదృష్టం. "నీ సేపలొగ్గేసి ఎల్లిపో" అన్నారు. అనరా మరి? జాలి చూపించొద్దనే కదా ఆ మనిషి ఏడాదిపాటు దాక్కున్నది!

నువ్వు బస్సెక్కాక ఆ తడి చొక్కాతోనే రాళ్ళన్నీ తీసి మళ్ళీ మొదటినుంచి పేర్చారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. అయ్యాక, "ఆ మూల సందు ఆడు పెట్టినట్టే ఉంచేను, అది బావుంది" అన్నారు.

రెండు జెల్లల్లో ఒకటి మర్నాడే మూత సందులోంచి గెంతి నేలమీద పడి చచ్చింది. రెండోది మంచి తిండిపోతు. నువ్వు చుక్కల జెల్ల అన్నావు, దీనికి ఒక్క చుక్కా లేదేమని ఆయన అడుగుతున్నారు. పెద్దయ్యాక వస్తాయని నువ్వన్నావని చెప్పాను. నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన నీతో అన్న మొదటి మాట "జెల్ల తెచ్చేవేటి?" అనేగా. తెచ్చావు. సంతోషంగా ఉన్నారు. ఆయనకి నువ్వు ఉత్తరం రాయకు, నాకే రాయి. ఏడుపు మాత్రం రాయకు.

అక్క

*

సీలేరు,
8 ఫిబ్రవరి 1999.

రవిబాబూ,

ఈ ఉత్తరానికి సరిగ్గా జవాబు చెప్పు. తప్పించుకోకు.

దసరా నాటికి పదకొండు పది అయ్యాయి. రాళ్ళలో ఎక్కడో ఉంటుందిలే అన్నారు. క్రిస్మస్‌కి ఆరు. చచ్చిన చేప ఒక్కటీ పైకి తేలలేదు. ఆయన నన్ను అనుమానించారు, పిల్లి పట్టుకుపోతుంటే చూడడం లేదని. నేను నీళ్ళను అనుమానించాను. ఇప్పుడు మూడే ఉన్నాయి, పసుపువి రెండు, నీలంది ఒకటి. ఆ జెల్ల మాత్రం నా మోచెయ్యంత అయింది. నల్లగా, పాములా, గుడ్లు మిటకరిస్తూ. ఒంటిమీద చుక్కలు ఇంకా రాలేదు!

నిన్న యర్రయ్య వచ్చాడు, రిజర్వాయరు చేపలు కాలనీలో అమ్మే ముసలాయన. తొట్టెలోకి తొంగిచూసి గంప కింద పెట్టేశాడు. "ఓలమ్మా, దీన్ని ఇంట్లో ఎందుకెట్టేరు? కింద సెరువుల్లో పెంచుతారమ్మా ఈ ఆఫ్రికా జెల్లని. కోడి పేగులేసినా తింటాది, కుక్కపిల్లనేసినా తింటాది. గెడ్డలో పడిందంటే ఇంక మా వలకి ఇదొక్కటే మిగుల్తాది" అన్నాడు. మీ బావ పక్కనే ఉన్నారు. విన్నారు. యర్రయ్య వెళ్ళాక, "రవిబాబుకి తెలీదంటావా?" అని నన్ను అడిగారు.

"తెలీదు" అన్నాను. "ఆడు కొనేటప్పుడు మోసపోయుంటాడు" అన్నాను. నీ తరఫున నేను మాట ఇచ్చాను రవీ. జులైలో నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. ఏ జెల్ల పడితే అది కుదరదని, నోట్లో పట్టిందల్లా వాటికి మేతేనని, పాచిపెంటలో పెరిగినవాణ్ణి నాకు తెలుసని, నీ చేత్తో నువ్వే రాశావు.

నీకు తెలుసా, తెలీదా?

రత్న

*

విశాఖపట్నం,
15 ఫిబ్రవరి 1999.

అక్కా,

తెలుసు.

చుక్కల జెల్ల కోసం ఆ ఆగస్టులో ఊరంతా తిరిగాను. మద్రాసుకి ఫోన్లు చేశాను. హౌరాలో ఒకడు ఆఫ్రికా జెల్ల ఉందన్నాడు, రైల్లో రెండు పంపాడు. సంచి విప్పగానే అర్థమైంది, ఇది ఆ రకం కాదని. అప్పటికి శుక్రవారం. ఆదివారం వస్తానని రాసేశాను. బావ నోరు తెరిచి అడిగిన జెల్ల లేకుండా ఆ గుమ్మం ఎలా ఎక్కను? వేలెడంతే ఉన్నాయి, రెండు నెలల్లో అసలుది తెచ్చి మార్చేద్దామనుకున్నాను. గుమ్మంలో ఆయన "తెచ్చేవేటి?" అనగానే నా నోటినుంచి "తెచ్చాను బావా" అని వచ్చేసింది. ఆరేళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. లేదని ఎలా చెప్పను, నువ్వే చెప్పు!

తర్వాత సిగ్గేసింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మీ దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే అన్నీ బాగున్నాయి కాబోలనుకున్నాను. అనుకోలేదు, అనుకోవాలని చూశాను. నా మీద నాకున్న కోపం ముందు నీ కోపం ఏపాటిది?

ఆయనకి ఈ ఉత్తరం ఇచ్చెయ్యి. నీ ఒట్లూ, నీ మాట ఇవ్వడాలూ ఇంక చాలు. మీ ఇద్దరి మధ్యా నన్ను దాచకు, మన ఇద్దరి మధ్యా ఆయన్ని దాచకు. ఆ దాపరికాల వల్లే ఇంతవరకూ వచ్చింది.

జెల్లని మాత్రం ఎవరు ఎంత చెప్పినా నీళ్ళలో వదలొద్దు. గెడ్డలోనూ వద్దు, రిజర్వాయర్లోనూ వద్దు. అది నీళ్ళు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది, పాకుతుంది. చంపేయండి. ఆ పని నేను వచ్చి చెయ్యాలంటే వస్తాను. వద్దంటే రాను.

రవి

*

సీలేరు,
3 మార్చి 1999.

రవీ,

ఉత్తరం ఆయనకిచ్చాను. రెండుసార్లు చదివారు. "తెలుసు" అన్న ముక్క దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. నేను నిన్ను తిట్టడం మొదలుపెడితే, "నువ్వాగు" అన్నారు. అంతే. నీ మీద కోపం ఆయనకా నాకా అన్నది నాకే తెలియకుండా పోయింది.

పక్క క్వార్టరు వరహాలరావుగారు వచ్చి, "పాపం, ప్రాణమున్నది. డ్యాములో ఒగ్గీ, పుణ్యముంటాది" అన్నారు. ఇంకో ఇద్దరు వంత పాడారు. మీ బావ లేచి నిలబడ్డారు. చెయ్యి పోయినప్పటినుంచి ఆ గొంతు నేను వినలేదు. "మీకు పుణ్యం, యర్రయ్యకి ఆకలీనా? మీకు జీతాలొత్తాయి, ఆడికి గెడ్డే జీతం. నా ఇంటికొచ్చింది, నానే సంపుతాను" అని అరిచారు. కాలనీ అంతా వినబడింది.

యర్రయ్యని పిలిపించారు. గోనెసంచి వేసి, ఆయన మోకాలితోనూ ఎడమచేత్తోనూ నేలకి అదిమిపెడితే, యర్రయ్య కత్తితో ఒక్క వేటు వేశాడు. కొట్టిన తర్వాత కూడా కదిలింది. కడుపు కోస్తే లోపల ఇంకా అరగని నీలం తోక ఒకటి ఉంది. జెల్లని వేరే పెట్టడానికి ఇంకో తొట్టె లేకపోయింది, ఆ పొద్దుట్నుంచీ నీలం చేప కనబడక వెతుకుతున్నాం. ఆయన దాన్ని నీళ్ళతో కడిగి పెరట్లో పాతిపెట్టారు. జెల్లని యర్రయ్య పట్టుకుపోయాడు, కూర వండుకుంటానని. నేను ఆ రోజు వంట చెయ్యలేదు.

ఇప్పుడు రెండు పసుపువి మిగిలాయి. నిన్న పొద్దున కాఫీ తాగుతూ అన్నారు: "ఆడ్ని ఇంక ఏటీ అంపొద్దను. నానే ఎల్తాను. నా కళ్ళతో సూసి ఏరుకుంటాను."

బజారుకి కూడా వెళ్ళని మనిషి రవీ. చొక్కా చెయ్యి ఎవరైనా చూస్తారని పండక్కి కూడా గుమ్మం దాటని మనిషి. పదిహేనో తేదీ సోమవారం బస్సుకి వస్తున్నారు, ఒక్కరే. నన్ను రావద్దన్నారు. మంగళవారం సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. స్టాండుకి వెళ్ళు. సంచి అందుకోబోకు, ఆయనే మోసుకుంటారు. అన్నం కలిపి పెట్టబోకు, చెంచా ఇవ్వు. అబద్ధం ఆడావంటే మాత్రం ఈసారి నేను వస్తాను.

అక్క

*

విశాఖపట్నం,
20 మార్చి 1999.

అక్కా,

మంగళవారం రాలేదని నువ్వు బూత్ నుంచి ఎన్నిసార్లు చేశావో కుర్రాడు చెప్పాడు. నేను ఫోన్ దగ్గరికి రాకపోవడానికి కారణం మీ ఆయన. కంగారు పడకు, మనిషి నిక్షేపంలా ఉన్నారు. కంగారు పడాల్సింది నేను.

బస్సు దిగగానే స్టాండులో నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట, "ఆ జెల్ల గురించి ఇంకెప్పుడూ మాటాడొద్దు, ఇద్దరం." సరేనన్నాను. కొట్లోకి అడుగుపెట్టి తొట్టెలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. ఒక గంట. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, పరీక్షకి కూర్చున్నట్టు. చివర్న, "నీళ్ళు మార్సి ఎన్నాళ్ళయిందిరా?" అన్నారు.

అక్కడ మొదలైంది. ఏడు తొట్టెలు ఖాళీ చేయించారు. చారల చేపనీ పసుపువాటినీ పక్కపక్క తొట్టెల్లో పెట్టానని నా పనివాళ్ళ ముందు కేకలేశారు, అద్దంలోంచి చూసుకుని బెదురుతాయట. నాలుగేళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నవాణ్ణి నేను! నేనూ అరిచాను. ఆయన కంటే గట్టిగా అరిచాను. ఆయనకి ఒక చెయ్యి లేదని ఆ గంటలో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు, ఒట్టు. బుధవారం ఒకాయన వచ్చి సిక్లిడ్‌లలో, అదే ఈ ఆఫ్రికా చేపల్లో, గోల్డ్‌ఫిష్ కలిపి ఇమ్మంటే, "ఇవ్వం. ముందు ఏది దేంతో బతుకుతాదో తెలుసుకునొచ్చి అడుగు" అని వెనక్కి పంపేశారు. మంచి గిరాకీ! ఆ మనిషి గురువారం మళ్ళీ వచ్చాడు, నన్ను పక్కకి నెట్టి "ఓనరుగారూ, పోనీ ఏవి కలపొచ్చో మీరే చెప్పండి" అని బావని అడిగాడు. ఆయన దిద్దలేదు.

చుక్కల జెల్లలు మద్రాసు నుంచి నిన్న వచ్చాయి, మూడు. అసలువే. సంచి నేను విప్పలేదు, ఆయన చేతే విప్పించాను. భూతద్దం పెట్టి చుక్కలు చూసుకున్నారు. వాటికి నా కొట్టు నీళ్ళు కుదురుకునేదాకా బస్సెక్కించననీ, తనూ ఎక్కననీ అంటున్నారు. నా మంచం ఆయనది, నేను బల్ల మీద. నా ఉప్మాలో ఉప్పు లేదట.

నాకు తల పగిలిపోతోంది. అయినా నువ్వు బయల్దేరి వచ్చి ఆయన్ని తీసుకుపోతానంటే మాత్రం నేను ఊరుకోను, చెబుతున్నాను.

ఆ రెండు పసుపువాటికీ పాలకూర వేస్తున్నావా లేదా అని అడగమన్నారు. నువ్వు రాసిన జవాబు నాకు కాదు, ఆయన పేరు మీదే పంపాలట. చిరునామా: సర్వేశ్వరరావు, కేరాఫ్ నా కొట్టు.

రవి